సాఫ్ట్‌వేర్‌లో సొంత పని ఎక్కడుంటుంది?

లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్ 3న రాయడం మొదలుపెట్టిన ఒక ప్రోగ్రాము నాలుగు రోజులకే, అంటే ఏప్రిల్ 7 నాటికే, తన కోడ్‌ను తానే భద్రపరచుకునే స్థితికి వచ్చింది. అదే గిట్, కోడ్‌లో వచ్చే మార్పుల చరిత్రను దాచే సాధనం. దాని తొలి కమిట్‌లో, అంటే నమోదైన తొలి రూపంలో, ఉన్నది సి భాషలో సుమారు వెయ్యి పంక్తులు. ఇవాళ హైదరాబాద్‌లో ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరినా కొత్త ఉద్యోగి మొదట చేసే పనుల్లో గిట్‌తో రిపోజిటరీని, అంటే ప్రాజెక్టు కోడ్, చరిత్ర ఉన్న నిల్వను, క్లోన్ చేసుకోవడం ఒకటి కాబట్టి, ఆ వెయ్యి పంక్తులు ఎంత దూరం వెళ్లాయో వేరే చెప్పనక్కర్లేదు.

అయితే ఆ పంక్తులను విడదీసి ఏది ఎవరిదని లెక్క తీస్తే చిత్రంగా ఉంటుంది. ప్రతి ఫైలుకూ వేలిముద్ర వంటి సంఖ్యను కట్టే షా-1 పద్ధతిని అమెరికా జాతీయ భద్రతా సంస్థ రూపొందించింది; అది 1995లో ప్రమాణంగా వెలువడింది. దాన్ని అమలుచేసే కోడ్‌ను ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ నుంచి, ఫైళ్లను కుదించే కోడ్‌ను జెడ్‌లిబ్ నుంచి తీసుకున్నారు. వేలిముద్రల మీద మళ్లీ వేలిముద్ర కట్టి చెట్టులా పేర్చుకుంటూ పోయే ఆలోచనకు రాల్ఫ్ మెర్కిల్ 1979లోనే పేటెంటు దరఖాస్తు చేశారు. కోడ్ చరిత్రను ఇలాంటి వేలిముద్రలతో గుర్తించడాన్ని మోనోటోన్ అనే సాధనం 2003 నుంచే చేస్తోంది. ఆ సంగతి దాచకుండా, ప్రత్యామ్నాయాలు చూసుకునేవారు ముందు దాన్ని చూడవచ్చునని టోర్వాల్డ్సే ఏప్రిల్ 6న, లైనక్స్‌కు గుండెకాయ వంటి కెర్నల్‌ను రాసే డెవలపర్లకు రాశారు. ఇవన్నీ తీసేశాక ఏం మిగిలింది? ఏమీ మిగలలేదని అనేవారు ఎవరూ లేరు. గిట్ మౌలికమైన పనేనని దాన్ని ఇష్టపడనివారు కూడా ఒప్పుకుంటారు.

మిగిలినవి కొన్ని నిర్ణయాలు. వాటిలో ఒకదాన్ని దగ్గరగా చూడవచ్చు. గిట్‌కు ముందు విస్తృతంగా వాడిన సీవీఎస్ అనే సాధనంలో ఒక బ్రాంచి, అంటే ప్రధాన కోడ్‌కు పక్కగా సాగే మార్పుల దారి, తెరవాలంటే ప్రాజెక్టులోని ప్రతి ఫైలు చరిత్రలోనూ ఒక గుర్తు రాయాల్సి వచ్చేది. ఫైళ్లు వేలల్లో ఉంటే బ్రాంచి తెరవడమే ఒక కార్యక్రమం. గిట్‌లో మామూలుగా బ్రాంచి అంటే ఒక చిన్న ఫైలు. దాన్ని తెరిచి చూస్తే 40 అంకెలు, అక్షరాలు కలిసిన ఒక కమిట్ వేలిముద్ర, చివర కొత్త పంక్తి గుర్తు కనిపిస్తాయి, మొత్తం 41 బైట్లు. బ్రాంచి తెరవడం ఇంత చవకైన తర్వాతే, చిన్న మార్పుకైనా ఒక బ్రాంచి తెరిచి, పని అయ్యాక కలిపేసి, దాన్ని పారేసే అలవాటు పరిశ్రమంతా పాకింది.

మరో నిర్ణయం ఇంకా విచిత్రమైనది, ఎందుకంటే అది ఒక పని చేయకూడదన్న నిర్ణయం. ఒక ఫైలు పేరు మార్చినప్పుడు ఆ మార్పును గిట్ ఎక్కడా నమోదు చేయదు. చరిత్ర చూపమని అడిగినప్పుడు, మాయమైన ఫైలునూ కొత్తగా వచ్చిన ఫైలునూ పోల్చి, సగానికి పైగా పోలిక ఉంటే పేరు మారిందని అప్పటికప్పుడు ఊహిస్తుంది. ఇది లోపమని ఆ రోజుల్లో చాలామంది వాదించారు. టోర్వాల్డ్స్ వాదన వేరు. డెవలపర్లు ఫైళ్లకు పేర్లు మార్చడం కన్నా ఒక ఫైలులోని ముక్కను ఇంకో ఫైలులోకి తరలించడమే ఎక్కువ. పేరు మార్పును మాత్రమే రాసుకున్న సాధనం ఆ తరలింపును ఎప్పటికీ పట్టుకోలేదు. ఉన్నది ఉన్నట్టుగా దాచుకుంటే ఆ తరలింపును తర్వాత ఎప్పుడైనా వెతికి పట్టుకోవచ్చు. గిట్ మొదలైన నెలలోనే, గిట్‌ను పుట్టించిన కారణం చేతనే (అదేమిటో తర్వాత చూద్దాం), మ్యాట్ మెకాల్ మెర్క్యూరియల్ అనే సాధనాన్ని రాయడం మొదలుపెట్టారు. ఆయన పేరు మార్పును నమోదు చేయాలనే నిర్ణయించారు. సమస్య ఒకటే, అందుబాటులో ఉన్న ముడిసరుకూ దాదాపు ఒకటే. ఇద్దరూ వేర్వేరుగా తీర్పు చెప్పారు, రెండు తీర్పులూ నిలబడ్డాయి. ఇలా చూసినప్పుడు ఈ రంగంలో మౌలికత రాసిన పంక్తుల్లో కన్నా, ఎవరూ చెప్పి ఇవ్వని ప్రశ్నకు జవాబు తేల్చుకోవడంలో ఎక్కువగా ఉందనిపిస్తుంది.

ఆ జవాబులు శూన్యంలోంచి రాలేదు. లైనక్స్ కెర్నల్ బృందం 2002 నుంచి బిట్‌కీపర్ అనే వాణిజ్య సాధనాన్ని ఉచిత అనుమతిపై వాడుకుంది. బిట్‌కీపర్ ప్రోటోకాల్‌ను బయటినుంచి తెలుసుకునే ప్రయత్నం ఒకటి వివాదమై, 2005లో ఆ అనుమతి ఆగిపోయింది. మూడేళ్లపాటు వేరొకరి సాధనంతో రోజూ పనిచేయడం వల్లే తనకు ఏది కావాలో, ఏది అక్కర్లేదో టోర్వాల్డ్స్‌కు అంత కచ్చితంగా తెలిసింది. నాలుగు రోజుల్లో రాయడం వెనుక ఆ మూడేళ్ల వాడకం ఉంది.

దీనికి సరిగ్గా తిరగబడిన ఉదాహరణ మన ఇంజినీరింగ్ కళాశాలల్లో దొరుకుతుంది. చివరి సంవత్సరం ప్రాజెక్టుగా లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ అనేది ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది. దాన్ని అమీర్‌పేటలో కొని సమర్పించేవారి సంగతి పక్కన పెడదాం. నిజాయితీగా ప్రతి పంక్తినీ తానే టైపు చేసిన విద్యార్థిని తీసుకున్నా, పట్టికలు ఏవి ఉండాలో, పుస్తకం ఆలస్యమైతే ఏం చేయాలో అన్నీ ముందే తేలిపోయి ఉంటాయి. పంక్తులన్నీ సొంతమే, నిర్ణయం మాత్రం ఒక్కటీ సొంతం కాదు. అదే విద్యార్థి తన ఊరి గ్రంథాలయానికి వెళ్లి, అక్కడ చందా కట్టని పాఠకులకు పుస్తకం ఏ లెక్కన ఇస్తున్నారో రెండు రోజులు కూర్చుని చూసి, దాన్నిబట్టి ఒక్క పట్టికను మార్చినా అది మౌలికమైన పనే అవుతుంది.

గిట్ కథలో సాధారణంగా చెప్పకుండా వదిలేసే భాగం కూడా ఈ విషయానికి సంబంధించినదే. 2005 జులై చివరలో టోర్వాల్డ్స్ దాని నిర్వహణను జునియో హమానోకు అప్పగించారు. అప్పటినుంచీ దశాబ్దాలుగా ఆ బాధ్యత ఆయనదే, 1.0 వెలువడింది ఆ ఏడాది డిసెంబరులో, ఆయన చేతుల మీదుగానే. మొదటి రూపంలో గిట్ ప్రతి ఫైలు ప్రతి రూపాన్నీ విడిగా, పూర్తిగా దాచేది, డిస్కును మింగేసేది. కొన్ని నెలల్లోనే ఆ రూపాలను ఒక మూటగా కట్టి, వాటి మధ్య తేడాలను మాత్రమే దాచే పద్ధతి వచ్చింది. వేలిముద్ర మాత్రం అసలు విషయం మీదనే కడతారు కాబట్టి, లోపల దాచే తీరు ఎంత మారినా పాత కమిట్ల పేర్లు చెక్కుచెదరలేదు. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో డెవలప్‌మెంట్ ప్రాజెక్టు అంటే ఒక గౌరవం, సపోర్ట్ ప్రాజెక్టు అంటే ఒక చిన్నచూపు ఉన్నాయి. మొదటి వారం రాసిన వెయ్యి పంక్తులే మౌలికమైనవి, తర్వాతి ఇరవై ఏళ్లదీ ఊడిగమే అనే లెక్క ఆ చిన్నచూపు వెనుక ఉంది. ఆ లెక్క గిట్ విషయంలోనే నిలబడదు. సపోర్ట్ ప్రాజెక్టులో పాత వ్యవస్థ ఎందుకు అలా ప్రవర్తిస్తోందో కనుక్కుని, ఎవరికీ తెలియకుండా దాన్ని చక్కదిద్దే ఉద్యోగి విషయంలోనూ నిలబడదు.

చట్టం దృష్టిలో మౌలికతకు అర్థం వేరు. కాపీరైట్ చట్టం కొత్తదనాన్ని అడగదు; వేరొకరి నుంచి ఎత్తి రాయలేదా, కొంతైనా సొంత నేర్పు ఉందా అని మాత్రమే అడుగుతుంది. ఈ తేడా ఎంత వింత పరిస్థితికి దారితీస్తుందో 1980ల తొలినాళ్లలోని పర్సనల్ కంప్యూటర్ల కథ చూపిస్తుంది. ఐబీఎం తన పీసీని 1981 ఆగస్టులో విడుదల చేసింది. అందులోని చిప్పు ఇంటెల్‌ది, ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్‌ది. పోటీదారులకు ఐబీఎం నుంచి కొనడానికి వీలులేకుండా మిగిలిన ముఖ్య భాగం బయోస్ అనే చిన్న ప్రోగ్రాము. తెర మీద అక్షరం వేయాలంటే ఇంటరప్ట్ 10, డిస్కు చదవాలంటే ఇంటరప్ట్ 13, కీబోర్డు నుంచి అక్షరం తీసుకోవాలంటే ఇంటరప్ట్ 16 అంటూ, మిగతా ప్రోగ్రాములు యంత్రంతో మాట్లాడే దారి అదే. దాని కోడ్ మొత్తాన్ని ఐబీఎం తన సాంకేతిక కరదీపికలో ముద్రించింది కూడా. ముద్రించింది కనుక ఎవరైనా చదవవచ్చు, కానీ చదివినవారు రాసిన ప్రతిదీ నకలనే అనుమానానికి గురవుతుంది.

అనుమానం ఊరికే రాలేదు. ఆపిల్ కంప్యూటరును పోలిన యంత్రాన్ని అమ్మిన ఫ్రాంక్లిన్ కంపెనీ ఆపిల్ ప్రోగ్రాములను యథాతథంగా తీసుకుంది; ఆపిల్ ప్రోగ్రామర్ ఒకరి పేరు కూడా ఫ్రాంక్లిన్ ప్రోగ్రాములో అలాగే ఉండిపోయింది. 1983లో అమెరికా అప్పీళ్ల కోర్టు చిప్పులో నిక్షిప్తమైన ప్రోగ్రాముకు కూడా కాపీరైట్ వర్తిస్తుందని తేల్చింది. కాంపాక్ కంపెనీ ఈ గొడవలో పడకుండా ముందే జాగ్రత్తపడింది. ఒక బృందం ఐబీఎం కోడ్‌ను చదివి, ఏ పిలుపుకు ఏ ఫలితం రావాలో మాత్రమే రాసిపెట్టింది. ఆ కోడ్‌ను ఎన్నడూ చూడని రెండో బృందం ఆ వివరణ ఆధారంగా సొంతంగా బయోస్ రాసింది. 1982 నవంబరులో ప్రకటించిన కాంపాక్ పోర్టబుల్ ఆ విధంగా వచ్చింది. తర్వాత ఫీనిక్స్ సంస్థ ఇదే పద్ధతిలో రాసిన బయోస్‌ను ఇతర తయారీదారులకు అమ్మింది. రెండో బృందం పరిస్థితి ఆలోచించదగినది. వారు రాసే ప్రతి పంక్తీ సొంతం కావాలి, ఆ పంక్తులన్నీ కలిసి చేసే పనిలో మాత్రం సొంతదనం రవ్వంత కూడా కనిపించకూడదు. లోటస్ 1-2-3, ఫ్లైట్ సిమ్యులేటర్ నడిస్తేనే ఆ యంత్రం పనికొచ్చినట్టు లెక్క. చట్టం లెక్కలో అది పూర్తి మౌలిక రచన, ఇంజినీరు లెక్కలో పూర్తి అనుకరణ. అయినా ఐబీఎంకు మాత్రమే పరిమితమైన యంత్రాన్ని ఒక పరిశ్రమగా మార్చింది ఆ అనుకరణే.

ఈ చిక్కు ముప్పయ్యేళ్ల తర్వాత ఒరాకిల్, గూగుల్ వివాదంలో మళ్లీ వచ్చింది. ఆండ్రాయిడ్ కోసం గూగుల్ జావాలోని 37 ప్యాకేజీల నుంచి సుమారు 11,500 పంక్తుల ప్రకటనలను తీసుకుంది. మొత్తం 28 లక్షల 60 వేల పంక్తుల్లో అది అర శాతం కన్నా తక్కువ. ప్రకటన అంటే ఒక పని పేరు, దానికి ఏం ఇవ్వాలి, అది ఏం తిరిగి ఇస్తుంది అన్న వివరం. రెండు సంఖ్యల్లో పెద్దదాన్ని ఇచ్చే పనికి మ్యాక్స్ అని పేరుంటే, ఆ పేరును తీసుకుని, పెద్దదాన్ని తేల్చే కోడ్‌ను గూగుల్ తానే రాసుకుంది. జావా నేర్చుకున్న లక్షలమందికి ఆ పేర్లే అలవాటు కాబట్టి పేర్లు మారిస్తే నేర్చినదంతా వృథా. 2010లో మొదలైన ఈ కేసులో 2021 ఏప్రిల్ 5న అమెరికా సుప్రీంకోర్టు 6–2 ఆధిక్యంతో అది న్యాయమైన వినియోగమేనని తీర్పునిచ్చింది. ప్రకటనలకు అసలు కాపీరైట్ ఉందా లేదా అన్నది మాత్రం తేల్చకుండా, ఉందనుకుంటే అని వాదన కోసం అనుకుని ముందుకు వెళ్లింది. నిజానికి ఆ పేర్లను, వాటి అమరికను ఎంచుకోవడంలోనే జావా రూపకర్తల మౌలిక కృషి ఎంతో ఉంది. అది ఎంత బాగా కుదిరితే అంత ఎక్కువమంది ఉమ్మడి ఆస్తిలా మారిపోతుంది. మన దేశంలో కాపీరైట్ చట్టం ప్రోగ్రామును సాహిత్య కృతిగా లెక్కిస్తుంది. పేటెంటు చట్టంలోని 3(కె) సెక్షన్ కంప్యూటర్ ప్రోగ్రాము దానికదిగా, అలాగే అల్గారిథాలు పేటెంటుకు అర్హం కావంటుంది. గిట్‌లోని నిర్ణయాల వంటివాటికి ఈ రెండు చట్టాల మధ్య గట్టి రక్షణ దొరకడం కష్టం.

మౌలికమైన పని గురించి మాట్లాడేటప్పుడు ప్రతిదీ స్క్రాచ్ నుంచి రాయాలన్న పట్టుదల కూడా ఎదురవుతుంది. దానికి 2016 మార్చి 22 నాటి సంఘటనను సాక్ష్యంగా చూపుతారు. ఒక ప్యాకేజీ పేరు విషయంలో వచ్చిన తగాదాతో ఒక డెవలపర్, జావాస్క్రిప్ట్ ప్యాకేజీలను పంచుకునే ఎన్‌పీఎం నుంచి తన ప్యాకేజీలన్నిటినీ తొలగించారు. వాటిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 పంక్తుల ప్యాకేజీ ఒకటి. ఒక పదాన్ని నిర్ణీత వెడల్పుకు తేవడానికి ఎడమవైపు ఖాళీలు చేర్చడమే దాని పని. దాని మీద నేరుగానో పరోక్షంగానో ఆధారపడిన ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి. సుమారు రెండు గంటల్లో ఎన్‌పీఎం దాన్ని తిరిగి పెట్టింది. పదకొండు పంక్తులు రాసుకోలేరా అని అందరూ ఎగతాళి చేశారు. ఆ ఎగతాళి అంత న్యాయమైనది కాదు. ఎన్‌క్రిప్షన్ కోడ్‌ను ఎవరికివారు రాసుకుంటే ప్రమాదమని అనుభవజ్ఞులందరూ హెచ్చరిస్తారు. సొంతంగా రాసిన చోట సొంత తప్పులూ వస్తాయి. లెఫ్ట్‌ప్యాడ్‌లో అసలు చూడాల్సింది వేరే ఉంది, అది తెలుగులో పెట్టి చూస్తే బయటపడుతుంది.

పది అక్షరాల వెడల్పు కావాలని కోరి, దానికి ‘స్త్రీ’ అనే పదాన్ని ఇస్తే అది నాలుగు ఖాళీలు చేరుస్తుంది. ‘నీరు’ అనే పదాన్ని ఇస్తే ఆరు చేరుస్తుంది. చదివేవారికి మొదటిది ఒక అక్షరం, రెండోది రెండు. కాబట్టి ఒక అక్షరానికే ఎక్కువ ఖాళీలు రావాలి. జరిగింది దానికి సరిగ్గా తలకిందులు. కారణం, జావాస్క్రిప్ట్ లెక్కలో ‘స్త్రీ’ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం, మొత్తం ఆరు. యూటీఎఫ్-8 అనే పద్ధతిలో దాచితే పద్ధెనిమిది బైట్లు. వాడుకరి దృష్టిలో ఒక అక్షరం ఏదో తేల్చడానికి, లిపులన్నిటికీ సంకేతాలు కేటాయించే ప్రమాణమైన యూనికోడ్ పెట్టిన నియమాల ప్రకారం 2023 సెప్టెంబరు దాకా మూడు, ఆ నెలలో వెలువడిన 15.1 రూపంలో తెలుగు తదితర లిపుల సంయుక్తాక్షరాలకు కొత్త నియమం చేర్చాక ఒకటి. తెలుగు యూనికోడ్‌లో చేరింది 1991లో. అంటే ఒక తెలుగు పిల్లవాడు ఒకటో తరగతిలో చెప్పే జవాబు ప్రమాణంలోకి ఎక్కడానికి ముప్పయి రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ పాత నియమాలతో నడిచే సాఫ్ట్‌వేర్‌లో జవాబు మూడే.

పదకొండు పంక్తులను అరువు తెచ్చుకోవడంలో తప్పేమీ లేదు. అక్షరం అంటే ఏమిటన్న నిర్ణయం కూడా వాటితోపాటు అరువుకు వచ్చిందని తెచ్చుకున్నవారికి తెలియదు. ఖాళీలు ఎక్కువతక్కువైతే పెద్ద నష్టం లేకపోవచ్చు, కానీ ఇదే లెక్కతో పేర్లను కత్తిరిస్తే సంగతి వేరు. ‘లక్ష్మి’లో ఏడు సంకేతాలున్నాయి. ఆరు దగ్గర కోస్తే అది ‘లక్ష్మ’ అవుతుంది, నాలుగు దగ్గర కోస్తే ‘లక్ష’ అవుతుంది. రెండూ చూడటానికి సక్రమమైన మాటలే కాబట్టి టెస్టింగులో ఎవరి కంటికీ ఆనదు, తెలుగు రాని టెస్టర్ కంటికి అసలే ఆనదు. కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనాలు వచ్చాక పంక్తుల ధర దాదాపు సున్నాకు పడిపోయింది గాని, పేరును ఎక్కడ కోయవచ్చో చెప్పే బాధ్యత అడిగేవారిదే. అడిగేవారికి ప్రశ్న తట్టకపోతే ఎన్ని పంక్తులు వచ్చి పడినా వాటిలో ఆ జవాబు ఉండకపోవచ్చు.

తెలుగు అక్షరాలను తెర మీద పేర్చే పనిని ఇవాళ చాలావరకు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చేస్తోంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ అన్నీ దాన్నే వాడతాయి. వత్తు ఎక్కడ పడాలో, గుణింతం ఎక్కడ అతకాలో తెలిసిన ఆ పని అందరూ విడివిడిగా చేయాల్సింది కాదు. ఆపిల్ తన సొంత వ్యవస్థ మీద ఆధారపడుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ను ఒక ప్రత్యేక క్రమంలో కూర్చిన సందేశం వస్తే ఐఫోన్లలో మెసేజింగ్ యాప్‌లు కుప్పకూలడం ప్రపంచమంతా వార్త అయింది; ఆ నెలలోనే ఐఓఎస్ 11.2.6తో దాన్ని సరిచేశారు. జ, పొల్లు, ఞ తర్వాత దీర్ఘానికి ముందు ఆ క్రమంలో ఒక కనిపించని సంకేతం ఉంది. రెండు అక్షరాలను అతకవద్దని చెప్పడానికి వాడే జీరో విడ్త్ నాన్ జాయినర్ అది.

ఆ సంకేతం తెలుగులో అరుదైనదేమీ కాదు. ‘సాఫ్ట్‌వేర్’ అన్న మాటలోనే ‘ట్’కూ ‘వే’కూ మధ్య అది ఉంది, లేకపోతే వ వత్తుగా మారి ‘సాఫ్ట్వేర్’ అవుతుంది. మొదటిదానిలో పదకొండు సంకేతాలు, రెండోదానిలో పది. సంకేతాలను ఉన్నవున్నట్టు పోల్చే వెతుకులాటలో ఒకదానికోసం వెతికితే రెండోది దొరకదు. వెతికేటప్పుడు ఆ సంకేతాన్ని పట్టించుకోకుండా, చూపేటప్పుడు మాత్రం తప్పక ఉంచాలన్నది తెలుగు చదివే ఎవరికైనా తోచే పరిష్కారం. రాయడానికి ఒక్క పంక్తి సరిపోతుంది. ఒక తెలుగు పత్రిక పాత సంచికల్లో వెతికే సదుపాయాన్ని కట్టే ప్రోగ్రామర్ మిగతా అంతటినీ ఏదో ఒక లైబ్రరీ నుంచి తెచ్చుకోవచ్చు. ఈ ఒక్క పంక్తి అవసరమని ఎవరూ చెప్పకుండా గుర్తించాల్సింది మాత్రం ఆ ప్రోగ్రామరే.